ఊదిన తర్వాత వచ్చే దగ్గు

మా వీధిలో మా ఇంటి గురించి ఒక మాట ఉంది. ఆ ఇంట్లో ఆవిడకి నోరెక్కువ, ఆయనకి ఊపిరి తక్కువ, అందుకే సంసారం నడుస్తోంది అని. ఎప్పుడూ వెనకాల అనుకునే ఆ మాట ఒకసారి కుళాయి దగ్గర నా ముందే జారింది. అన్నావిడ నాలిక్కరుచుకుంది. "నిజమేనమ్మా, ఆయన వాటా గాలి కూడా నేనే వాడేస్తన్నాను," అని బిందె ఎత్తుకుని వచ్చేశాను. ఉన్న నోరు ఉందంటే నాకు కోపం రాదు. అడక్కుండా జాలి చూపిస్తే వస్తుంది.

అప్పట్లో జాలికి కొదవ లేదు. మా ఆయన ఊపిరితిత్తులు గట్టిపడిపోయి, స్కానులో తేనెపట్టులా కనపడ్డాయి. ఎందుకలా అయ్యాయంటే డాక్టర్లు తెలీదన్నారు. వీధిలో వాళ్ళకి మాత్రం తెలుసు. పావురాల రెట్ట అని ఒకరు, అగరొత్తుల పొగ అని ఒకరు, పక్కింటి బెంగాలీ వదినగారు, వాళ్ళ భాషలో బౌది, ఆవిడైతే చల్లటి నీళ్ళతో తలస్నానం అని. నా నోరే కారణమని మా అత్తగారి తరఫు వాళ్ళు. ఇన్ని కారణాల మధ్య ఆయన ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టుకుని, మంచం మీంచి బాత్రూం దాకా వెళ్ళడానికి ప్రయాణం చేసినంత తయారయ్యేవారు.

తర్వాత దక్షిణాదిలో ఒక ఆస్పత్రిలో ఎవరివో ఊపిరితిత్తులు ఆయనకి అమర్చారు. ఎవరివో మాకు చెప్పలేదు, చెప్పరు కూడా. కొన్ని నెలలు అక్కడే గది తీసుకుని ఉండి, ఒక తెల్లవారుజామున తిరిగి మా ఊరు ఖరగ్‌పూర్‌లో దిగాం. ఆయన మూతికి మాస్కు కట్టుకుని, సిలిండరు లేకుండా, ఎవరి భుజమూ పట్టుకోకుండా ఓవర్‌బ్రిడ్జి ఎక్కి అవతలికి దిగారు. నేను సంచులు మోసుకుంటూ వెనకే నడిచాను. పెళ్ళయ్యాక నువ్వు అంతసేపు మాట్లాడకుండా ఉన్నది ఆ ఒక్కరోజే అంటారాయన. అందులో అబద్ధం లేదు.

అయితే పరాయి ఊపిరితిత్తులు వచ్చినంత మాత్రాన మనవి అయిపోవు. ఒళ్ళు వాటిని ఎప్పటికీ పరాయివిగానే చూస్తుంది, సందు దొరికితే తరిమెయ్యాలనే చూస్తుంది. ఒళ్ళు అలా కయ్యానికి దిగకుండా పొద్దునా రాత్రీ మాత్రలు. అయినా లోపల్లోపల తగువు మొదలవ్వచ్చు. అలా మొదలై పోయిన ఊపిరి చాలావరకు తిరిగి రాదని, తొందరగా పట్టుకుంటే మిగిలినది నిలబెట్టుకోవచ్చని అక్కడి డాక్టర్లు మాకు మరీ మరీ చెప్పి పంపారు. అంటే ఆయన ప్రాణం ఒక చిన్న సంగతి మీద ఆధారపడింది. తగ్గినప్పుడు తగ్గిందని చెప్పడం.

అది మా వాళ్ళకి చేతనయ్యే పని కాదు.

నేను పుట్టి పెరిగింది న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్సులో. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా తాత దగ్గర్నుంచి మాది రైలు తిండి. మా నాన్న స్నానం చేస్తూ ఇంగ్లీషు అక్షరాల వరస ఒకటి వల్లించేవారు. దానికి అర్థం లేదు, పదం కాదు. ఆస్పత్రిలో కళ్ళ పరీక్ష బోర్డు మీద అట్టడుగు వరస అది. రైల్వేవాళ్ళు పెట్టే మెడికల్ పరీక్ష అయి వచ్చినవాడు దాన్ని గుర్తుపెట్టుకుని, మర్నాడు వెళ్ళబోయేవాడికి అప్పచెప్పేవాడు. ఎక్కాలు రాకముందే నాకా వరస వచ్చు. ఒక ఏడాది బోర్డు మార్చేశారు. మా నాన్న ఆ సంగతి తెలీక పాత వరసే గడగడా చదివేసి వచ్చారు. ఆ డాక్టరు మంచివాడు, నవ్వి కళ్ళద్దాలు రాసిచ్చాడు. మా అమ్మ మాత్రం నెలరోజులు ఏడిపించింది. "కళ్ళు కనబడకపోతే కనబడలేదు, సెవులైనా ఇనబడలేదేటి? బోర్డు మారిందని ఊరంతా సెప్పుకుంటన్నారు!"

ఇది మోసమని మాలో ఎవరూ అనుకోలేదు. మెడికల్‌లో తప్పితే ఉద్యోగం మార్చి తేలిక పనిలో కూర్చోబెడతారు. దాన్ని మా వాళ్ళు డీక్యాట్ అంటారు. ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గిస్తారు, ఎవరింట్లోనో జరక్కూడనిది జరిగినట్టు. అందుకని రైలు మనిషిని ఎలా ఉన్నావని డాక్టరు అడిగితే వచ్చే జవాబు ఒక్కటే. "ఫిట్ సార్." మా ఆయనా అంతే. ఒళ్ళు కాలిపోతున్నా ఫిట్టే. మొదట్లో పొడిదగ్గు పట్టుకున్నప్పుడు కూడా, మెడికల్ నాడు మిరియాల కషాయం తాగి, డాక్టరు ముందు ఒక్క దగ్గు కూడా దగ్గకుండా వచ్చి, ఏదో కప్పు గెలిచినట్టు ఇంట్లో చెప్పారు.

ఆపరేషన్ అయిన ఏడాదికి చెకప్‌కి వెళ్ళినప్పుడు, ఆ ఆస్పత్రిలోనే ఒక పరిశోధన గురించి చెప్పారు. చెప్పినావిడ నెల్లూరు వైపు అమ్మాయి, చిన్న డాక్టరు. ఊపిరితిత్తులు మార్పించుకున్నవాళ్ళకి మామూలు మాత్రలు అందరికీ ఎలాగూ ఇస్తారు. దానికి తోడు పొగలా పీల్చుకునే మందు ఒకటి ఇస్తే, ఈ లోపలి తగువు ఆలస్యమవుతుందా, మనుషులు ఎక్కువ కాలం బాగుంటారా అన్నది తేల్చాలి. అందుకు కొందరికి ఆ మందు ఇస్తారు, మిగిలినవాళ్ళకి అచ్చం అలాగే ఉండే ఉప్పునీళ్ళు.

"మా ఆయనకి ఇచ్చేది మందా, ఉప్పునీళ్ళా?" అన్నాను.

"నాకు తెలీదు మేడం."

"మీ పెద్ద డాక్టరుగారికి?"

"ఆయనకీ తెలీదు."

"మరెవరికి తెలుసు?"

"కంప్యూటర్‌కి."

"బాగుంది. కన్యాదానంలా ఇదేటి, కంప్యూటర్‌ దానమా?"

ఆ అమ్మాయి నవ్వలేదు, కోప్పడలేదు కూడా. "ఎవరికి మందు వెళ్తోందో మాకు తెలిస్తే, వాళ్ళు బాగున్నారనే మాకు అనిపిస్తుంది మేడం. మా కళ్ళని మేమే నమ్మకూడదని ఇలా చేస్తాం," అంది. నేను ఇరవై ఏళ్ళకి పైగా బళ్ళో సైన్సు చెప్తున్నదాన్ని. తన కళ్ళని తను నమ్మనన్న మనిషి మీద నాకు గౌరవం కలిగింది. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు, ఇంకో పది ప్రశ్నలు వేశాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చని, మానుకున్నా వైద్యం ఆగదని చెప్పింది.

మా ఆయన ఇవేవీ విన్నట్టు లేదు. "సంతకం ఎక్కడ?" అన్నారు.

"చదవరా?"

"నువ్వు సదివినావు కదే. నువ్వు సదివి ఒదిలిపెట్టినాక అందులో ఏటి మిగుల్తాది?" అని సంతకం పెట్టి, ఆ అమ్మాయి వైపు తిరిగి, "అయితే సెలెక్ట్ అయిపోనానా డాక్టరమ్మా?" అని అడిగారు. ఆ మాటని నేను నవ్వి వదిలేశాను. ఆయన దాన్ని ఉద్యోగంలా పట్టుకున్నారని అప్పుడు నాకు తట్టలేదు.

ఒక చిన్న మిషను ఇచ్చి పంపారు. అరచేతిలో పట్టేంత ఉంటుంది, ఒక పక్క అట్టగొట్టం పెట్టుకుని ఊదాలి. ఎంత గాలి ఎంత వేగంగా బయటికి వచ్చిందో నంబరు ఫోన్‌లోకి పోతుంది, ఫోన్‌లో నొక్కి పంపితే ఆస్పత్రికి. నంబరు ఒక హద్దు దాటి పడిపోతే తెర మీద ఎర్రగీత పడుతుంది, ఆస్పత్రి నుంచి ఫోన్ వస్తుంది. ఇక మా ఇంట్లో పొద్దు ఇలా మొదలయ్యేది. వర్క్‌షాపు సైరను మోగుతుంది. ఆయన కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని, ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, గుండెనిండా పీల్చి ఒక్కసారిగా ఊదుతారు. అడుగంటా ఊదేసరికి దగ్గు వస్తుంది. ముందు ఒకటి పెద్దది, తర్వాత చిన్నవి నాలుగైదు, గూడ్సు చివరి వేగన్లు పట్టా మారుతున్నట్టు. ఆ దగ్గు రోగం కాదు, అంత గట్టిగా ఊదితే వచ్చేది. వంటింట్లోకి ఊదిన చప్పుడు, వెనకే దగ్గు వినపడితే నేను టీకి నీళ్ళు పెట్టేదాన్ని.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత ఓవర్‌బ్రిడ్జి గొడవ మొదలైంది.

ఆదివారాలు ఇద్దరం పూరీ గేట్ దగ్గర టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కి స్టేషన్ దాకా వెళ్ళి, వంతెన దాటి అవతల బజారుకి వెళ్తాం. నడక ఆయనకి మంచిదని. ఒక ఆదివారం పైకెక్కగానే ఆయన ఆగి, కటకటాలు పట్టుకుని కింద పట్టాల వైపు చూడ్డం మొదలుపెట్టారు.

"ఏటి చూస్తన్నారు?"

"ఆ గూడ్సు."

"గూడ్సులో ఏటుంది?"

"కొత్తరకం వేగన్లులాగున్నాయి."

"బొగ్గు వేగన్లండి అవి. మన పెళ్ళికి ముందు నుంచీ ఉన్నాయి."

పైవారం ఒక ఎక్స్‌ప్రెస్. ఆ పైవారం ఖాళీ పట్టాలు. ఏమీ లేని పట్టాల్ని ఒక మనిషి అంతసేపు చూడ్డం నేనెక్కడా చూడలేదు. అడిగితే, "ఫిట్‌గానే ఉన్నాను, నీకెందుకే," అన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నెల్లూరు అమ్మాయి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. నెలనెలా చేసి ఎలా ఉన్నారని అడుగుతుంది, అదీ పరిశోధనలో భాగమే. ఆయన "ఫస్ట్ క్లాస్" అని చెప్పేసి ఫోను నాకిచ్చారు.

"సార్ నంబర్లు చాలా బాగున్నాయి మేడం. ఈమధ్య కొంచెం పెరిగాయి కూడా," అంది ఆ అమ్మాయి, సంతోషంగా.

నాకు సంతోషం కలిగింది. ఫోను పెట్టేసి గిన్నెలు కడగడానికి కూర్చునేదాకా ఉంది ఆ సంతోషం. నంబరు పైకి ఎక్కుతోంది, మనిషి వంతెన మీద ఆగిపోతున్నాడు. రెంటిలో ఒకటి అబద్ధం. వంతెన మీద ఆగింది నేను కళ్ళారా చూశాను.

నాకొక తమ్ముడున్నాడు, లోకో పైలట్. గూడ్సు బళ్ళు నడుపుతాడు. డ్యూటీ దిగి పొద్దున్నే వచ్చి బావతో కూర్చుని, టీ తాగి, ఇంటికి పోవడం అలవాటు. ఈమధ్య కొంచెం తొందరగా వస్తున్నాడు. బావ మీద ప్రేమనుకున్నాను. అది ప్రేమే, కాదనడానికి లేదు.

రెండ్రోజుల తర్వాత ఉప్మాకి రవ్వ వేయిస్తున్నాను. గదిలోంచి ఊదిన చప్పుడు వచ్చింది. పొడుగ్గా, నిండుగా, ఎక్కడా తెగకుండా. అన్నాళ్ళూ పనిలో పడి పట్టించుకోలేదు కానీ, ఆ రోజు దగ్గు కోసం చూశాను. రాలేదు. గరిటె ఆపి చెవి పెట్టాను. రాలేదు. పొయ్యి ఆర్పి గదిలోకి వెళ్ళాను.

మా ఆయన కుర్చీలో కూర్చుని ఫోన్ పట్టుకుని ఉన్నారు. మా తమ్ముడు కిటికీ పక్క నిలబడి ఉన్నాడు, యూనిఫారంలో, నోట్లో గొట్టం, ముక్కుకి క్లిప్పు. నన్ను చూసి బుగ్గలు అలాగే ఉబ్బించి ఉంచేశాడు.

"ఏటిది?"

"అక్కా, ముందు నువ్వు కోప్పడకు..." ముక్కు మూసుకుపోయి మాట గుణగుణలాడింది.

"ముందు ఆ ముక్కుది తియ్యి. తీసి మాట్లాడు."

తీశాడు. "బావ ఆమధ్య ఎంత ఊదినా నంబరు రానేదక్కా. ఎర్రగీత పడతంది. ఆ మొకం సూడలేకపోనాను. అయినా నాను తగ్గించే ఊదినానే. ఫుల్ నాచ్ ఎయ్యనేదు, సగం నాచ్‌లోనే ఊదినాను."

నాచ్ అంటే ఇంజను బలం పెంచే మెట్టు. గాలి ఊదడానికి కూడా వాడికి అదే లెక్క. ఆ మాటకి నవ్వు వచ్చేదే, కానీ ఒళ్ళు మండిపోతోంది.

"పక్కవాడు తుమ్మితే ఆయనకి జ్వరం వస్తుందని ఇంట్లోకి చుట్టాల్ని రానివ్వట్లేదు నేను. నువ్వు ఆయన గొట్టం నోట్లో పెట్టుకుని ఊదుతావా?"

"నేదక్కా, నాకు వేరే గొట్టం. బావే కొత్తది తీసిచ్చినాడు."

"అబ్బో! దొంగతనానికెళ్ళి చెప్పులు బయట విడిచినట్టుంది మీ శుభ్రత."

అప్పటిదాకా మాట్లాడని మా ఆయన, "ఆడ్ని ఒదిలెయ్. నానే ఊదమన్నాను," అన్నారు. "నంబరు పడిపోనాదని తెలిస్తే తీసేస్తారు."

"దేంట్లోంచి?"

"ఆ స్టడీలోంచే. అన్‌ఫిట్ అంటారు. ఆ పీల్చే మందు ఆపేస్తారు. నా బదులు ఇంకోడ్ని తీసుకుంటారు."

"తగ్గితే డీక్యాట్ చేస్తారని మీకు ఎవరు చెప్పినారు?"

"ఒకరు సెప్పాలేటి? ఎక్కడైనా అదే కదా."

మా తమ్ముడు తలూపాడు. పరీక్షల్లో కన్ను, చెవి, రక్తపోటు నెగ్గుకుంటూ బండి నడిపేవాడు వాడు. వాడికి అది ధర్మశాస్త్రం. ఇద్దరు రైలు మనుషుల మధ్య నేనొక్కదాన్నే పిచ్చిదానిలా నిలబడ్డాను.

ఇక్కడ మా ఆయన ఉద్యోగం గురించి చెప్పాలి. ఆయన చేసింది చక్రాల షాపులో. రైలు చక్రాలు రెండింటినీ కలిపే ఇనప ఇరుసు ఉంటుంది. పైకి నున్నగా మెరుస్తూ ఉన్నా, దాని లోపల కంటికి కనపడని పగులు ఉండొచ్చు. మిషను పెట్టి, లోపలికి శబ్దం పంపి, తిరిగొచ్చే గీతని తెర మీద చూసి, బాగుంటే పాస్ ముద్ర కొట్టడం ఆయన పని. ఒకసారి ఒక ఇరుసులో చిన్న గీత అనుమానంగా కనపడింది. ఆ ఇరుసు వెయ్యాల్సిన డబ్బా, అంటే రైలు పెట్టె, ఆ సాయంత్రం బయటికి వెళ్ళాలి, పైవాళ్ళు తొందర పెడుతున్నారు, ఏం ఫర్వాలేదు కొట్టెయ్యమన్నారు. "మీ ముద్ర కొట్టుకోండి సార్, నాది పడదు," అని చేతులు కట్టుకుని నిలబడ్డారట. న్యూ సెటిల్‌మెంట్ గుడి దగ్గర ఆ కథ చాలాకాలం చెప్పుకున్నారు. తనమటుకు తను ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

నేను ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఒక మాట అడుగుతాను. పగులున్న ఇరుసుని పక్కన పెట్టి, మంచి ఇరుసు మీద మిషను పెట్టి, గీత బాగుందని, పగిలినదాని మీద ముద్ర కొడతారా?"

ఆయన ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, "అది వేరే," అన్నారు.

"ఏటి వేరే?"

"అది జనం ఎక్కే డబ్బా."

"ఇదీ జనం ఎక్కేదే. మీ నంబరు, మీలాంటివాళ్ళ నంబర్లు అన్నీ కలిపి చూసి, ఈ మందు పనిచేస్తోందా లేదా అని తేలుస్తారు. రేపు ఏ ఊళ్ళోనో ఒకాయనకి ఈ మందే ఇస్తారు, లేదంటే అక్కర్లేదని ఆపేస్తారు. ఆయన ఎక్కేది మీ ముద్ర చూసి. ఆ ముద్ర కింద ఉన్నది ఎవరి ఊపిరి? ఈడిది."

"అక్కా, మరి నాను ఎల్తాను," అన్నాడు మా తమ్ముడు.

"కూర్చో. ఆ డబ్బా లాగిన ఇంజను నువ్వే."

కూర్చున్నాడు. మా ఆయన మిషనుని చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నారు. వాదనలో నేను గెలిచానని నాకు తెలుసు. ఎన్ని వాదనలు గెలిచినా ఆయన మొహం అలా ఎప్పుడూ చూడలేదు.

"నీకు తెల్దే," అన్నారు నెమ్మదిగా. "ఊదినప్పుడల్లా ఆ బాబెవరో, ఆ తల్లెవరో, నా ఎదురుగా నిలబడినట్టుంటాది. మంచి ఊపిరి ఇచ్చి పోనారు. దాన్ని ఏడాదిన్నరకే పాడుసేసుకున్నానని సెప్పమంటావా?"

నేను స్టూలు ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను. మా తమ్ముడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బౌది వాళ్ళ ఇంట్లో ప్రెషర్ కుక్కరు కూసింది.

"పాడైతే పాడైందని చెప్పడంలో మీ తప్పేం లేదండి," అన్నాను చివరికి. "ఇంత జాగ్రత్తగా ఎవరు చూసుకుంటారు? చెప్పకుండా దాచి, మిగిలినది కూడా పోగొడితే, అప్పుడు వాళ్ళు నిజంగా వచ్చి నిలబడతారు. వాళ్ళకంటే ముందు నేను నిలబడతాను."

"నువ్వెలాగూ నిలబడే ఉన్నావు," అన్నారు. అని, పాకెట్లోంచి కొత్త గొట్టం తీసి, మిషనుకి పెట్టి, ముక్కుకి క్లిప్పు బిగించారు. పీల్చారు. ఊదారు. మధ్యలోనే చప్పుడు సన్నబడింది. దగ్గు వచ్చింది, పెద్దది, వెనక చిన్నవి. ఫోన్ మీద ఎర్రగీత పడింది. ఎవరూ ఏమీ అనకముందే ఆయనే బొటనవేలితో నొక్కి పంపేశారు.

తర్వాత నెల్లూరు అమ్మాయికి ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. నేను మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపారు.

"డాక్టరమ్మా, ఈమధ్య కొన్నాళ్ళు ఊదింది నాను కాదు."

 "మరి ఎవరు సార్?"

"మా బావమరిది. లోకో పైలట్."

అవతల కీబోర్డు టకటకలాడింది. "ఆయన ఊపిరితిత్తులు చాలా బాగున్నాయని చెప్పండి," అంది ఆ అమ్మాయి, నవ్వు లేకుండా. మా తమ్ముడు సిగ్గుపడ్డాడో సంతోషపడ్డాడో నేను చెప్పలేను. తర్వాత వరసగా ప్రశ్నలు. జ్వరముందా, కళ్ళె పడుతోందా, మాత్రలు తప్పాయా, మెట్లెక్కితే ఎలా ఉంది, ఎప్పటినుంచి. దొరికిన మొదటి బండికి బయల్దేరి రమ్మంది.

"నన్ను తీసేస్తారా?" అన్నారు ఆయన.

"తగ్గినందుకు ఎవర్నీ తీసెయ్యం సార్. తగ్గుతుందా లేదా చూడ్డానికే కదా ఇదంతా. తగ్గినవాళ్ళ నంబరే మాకు ఎక్కువ ముఖ్యం."

"మరి అబద్ధం పంపినందుకు?"

ఆవిడ కాస్త ఆలోచించింది. "అది నా ఒక్కదాని చేతిలో లేదు. జరిగింది జరిగినట్టు పై కమిటీకి రాస్తాను. ఆ నంబర్లు మీవి కావని విడిగా గుర్తు పెడతాం. స్టడీ సంగతి ఏమైనా, మీ వైద్యం ఆగదు. ఇది మొదటిరోజే చెప్పాను."

అప్పుడు ఫోను లాక్కున్నాను. "మొదటిరోజు చెప్పినారమ్మా, నేను విన్నాను. కానీ మీరు నెలనెలా అడిగే ప్రశ్న తప్పు. మా వాళ్ళని 'ఎలా ఉన్నారు' అని అడిగితే చితి మీంచి కూడా 'ఫిట్' అంటారు. వంతెన మీద ఎక్కడ ఆగారని అడగండి. అప్పుడు తెలుస్తుంది."

"ప్రశ్నలు అందరికీ ఒకేలా ఉండాలి మేడం. ఊరికో వంతెన పెట్టలేను."

"పెట్టకండి. మీ ప్రశ్నలయ్యాక ఊరికే అడగండి. అడగడానికి కమిటీ కావాలా?"

ఈసారి ఆ అమ్మాయి నవ్వింది.

ఆస్పత్రికి ఆ వెళ్ళడం సుఖంగా జరగలేదు. గొట్టం లోపలికి పంపి పరీక్షకి ఊపిరితిత్తుల్లోంచి చిన్న ముక్కలు తీశారు, స్కాన్లు చేశారు. లోపలి తగువే అని తేలింది. కొన్నాళ్ళు సెలైన్‌లో పెద్ద మందులు ఎక్కించారు. మొహం ఉబ్బిపోయింది, ఆకలి రాక్షసుడిలా పెరిగింది, నిద్ర పోయింది. పోయిన ఊపిరి వస్తుందని ఎవరూ మాటివ్వలేదు. ఇంకొన్నాళ్ళు ఆలస్యమై ఉంటే అన్న మాటని పెద్ద డాక్టరు సగంలో ఆపేశారు. నేను మిగతా సగం అడగలేదు. నేను అడగని ప్రశ్న అదొక్కటే. మా తమ్ముడు రోజూ ఫోన్ చేసి, "బావ సొంతంగా ఊదినాడా?" అని అడిగేవాడు. "సగం నాచ్‌లో ఊదినారు," అనేదాన్ని. "ఠీక్ హై, ఠీక్ హై," అని పెట్టేసేవాడు. 

నంబరు పాత చోటుకి ఎక్కలేదు. కానీ పడడం ఆగింది. ఆగి, అక్కడే నిలబడింది. ఇప్పటికీ నిలబడే ఉంది. పై కమిటీ ఆయన్ని పరిశోధనలో ఉంచింది, మా తమ్ముడి నంబర్లు పక్కకి తీసేసింది. ఒక షరతు పెట్టారు, ఇకమీదట ఊదేటప్పుడు వీడియోలో కనపడాలని. అందుకని మా ఆయన పొద్దున్నే తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఊదుతారు. ఆయన పీల్చేది మందో ఉప్పునీళ్ళో మాకు ఇప్పటికీ తెలీదు. తెలిసేనాటికి తెలుస్తుంది. అడిగి విసిగించడం కూడా మానేశాను.

మొన్న నెలవారీ ఫోన్ వచ్చినప్పుడు నేను పోపు పెడుతున్నాను. గదిలో స్పీకరు పెట్టి మాట్లాడుతున్నారు. రాసి ఉన్న ప్రశ్నలన్నీ అయ్యాయి. ఆయన జవాబులన్నీ కట్టె విరిచినట్టు చెప్పారు. ఆఖర్న ఆ అమ్మాయి, "వంతెన సంగతేంటి సార్?" అంది.

"ఫి..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. నేను గరిటె చప్పుడు చెయ్యలేదు, దగ్గలేదు, గుమ్మంలోకి వెళ్ళి నిలబడలేదు. నూనెలో ఆవాలు చిటపటమంటున్నాయి.

"మెట్లెక్కినాక, టీ కొట్టు కనపడే కాడ ఆగినాను," అన్నారు మా ఆయన. "బళ్ళు సూడ్డానికి కాదు డాక్టరమ్మా. ఊపిరికి."